అద్దం లేని తలుపు

మేస్త్రి నిజాయితీపరుడని ఈ మధ్య కొందరు మెచ్చుకుంటున్నారు. తను రాసింది అబద్ధమని తర్వాత తప్పు ఒప్పుకున్నాడట, పెద్ద గుండె అట. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఏ తప్పు ఒప్పుకున్నాడు, ఎప్పుడు ఒప్పుకున్నాడు, ఒప్పుకునేముందు ఏమేం వెలగబెట్టాడు అన్నది తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసిన ఆడవాళ్ళు ముగ్గురూ ఆ సంగతి ఎత్తరు. అందుకని మొదట్నుంచీ చెప్పుకోవాల్సిందే.

మేస్త్రి పని శబ్దాన్ని ఆపడం. రికార్డింగ్ గదులు, చెవుల డాక్టర్లు పరీక్షలు చేసే గదులు, డ్రమ్ములు నేర్చుకునే కుర్రాళ్ళున్న ఇళ్ళు, ఇలాంటి చోట్ల గోడలకు మెత్తటి పలకలు బిగించి, తలుపులకు రబ్బరు అంచులు కట్టి, లోపలి చప్పుడు బయటికీ బయటి చప్పుడు లోపలికీ పోకుండా చేస్తాడు. గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పిన మాటను తిరగేసి, దుకాణం మీద "గోడలకు చెవులుండవు" అని బోర్డు రాయించుకున్నాడు. చదివినవాళ్ళు నవ్వుతారు. నవ్వినవాళ్ళలో సగంమంది లోపలికి వస్తారు. వచ్చినవాళ్ళు ఇక అంత తేలిగ్గా బయటపడలేరు, ఎందుకంటే మౌనం అమ్ముకుని బతికే ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు.

ఆయన భార్య అదే దుకాణంలో ఒక మూల కుట్టుమిషను దగ్గర కూర్చుని, పలకలకు గుడ్డ తొడుగులు కుడుతుంది. మాట్లాడేది తక్కువ. ఆ ఇంటికి రావలసిన మాటల వాటా అంతా మొగుడే వాడేస్తాడు గనక ఆమెకు మిగలవని ఎదురు కొట్టువాళ్ళు అనుకుంటారు.

దుకాణం నడిమధ్యలో ఒక తలుపు ఉంటుంది. తలుపు వెనక మనిషి నిలబడేంత చిన్న గది. కొనడానికి వచ్చినవాళ్ళను లోపలికి పంపి, తలుపు మూసి, అరవమంటాడు. బయట ఉన్నవాళ్ళకు కిక్కురుమనదు. అయితే ఒక కిటుకుంది. తలుపు ఊరికే మూస్తే చాలదు, హ్యాండిల్‌ని చివరిదాకా కిందికి నొక్కాలి. అప్పుడు తలుపు చౌకట్టులోకి బిగుసుకుని రబ్బరంతా ఒత్తుకుంటుంది. సగం నొక్కి వదిలేస్తే చూడటానికి మూసినట్టే ఉంటుంది గానీ మాట బయటికి కారుతుంది.

ఈ పని చేసేవాళ్ళంతా పాటించే పద్ధతి ఇంకొకటుంది. తలుపులో, మనిషి కంటి ఎత్తున, అరచేతి వెడల్పు అద్దం పెడతారు. ఎందుకంటే బయట ఎంత బాదినా లోపలివాళ్ళకు వినపడదు, లోపల ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోయినా బయటివాళ్ళకు తెలియదు. వినపడని చోట కనీసం కనపడాలి. చిల్లర పని చేసేవాడు కూడా ఆ అద్దం మానడు.

మేస్త్రి తన జన్మలో అద్దం లేకుండా చేసిన తలుపు ఒక్కటే. అది గంధర్వుడింట్లో తలుపు.

గంధర్వుడంటే అభిమానులు పెట్టుకున్న పేరు. పెద్ద పాటగాడు. ఆయన గొంతు వినని ఇల్లు లేదు, ఆయన పాట పెట్టని పెళ్ళి లేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన ఇంట్లో సాధన గది కట్టించుకుంటూ ఈ మేస్త్రిని పిలిపించాడు. ఆ రోజు మేస్త్రికి కాళ్ళు నేల మీద ఆనలేదు. తలుపులు రెండు చేశాడు, కవలపిల్లల్లా. మొదటిదాని చెక్క కాస్త కొలత తప్పితే దాన్ని దుకాణంలో పెట్టుకున్నాడు, రెండోది అక్కడ బిగించాడు. బిగించేముందు గంధర్వుడు వచ్చి చూసి, అద్దం వద్దన్నాడు. "అద్దం ఉంటే ఎవరో ఒకరు తొంగిచూస్తారు, నా ధ్యాస చెదురుతుంది" అన్నాడు. మేస్త్రి మురిసిపోయి అద్దం తీసేసి ఆ కంతను చెక్కతో మూశాడు. దాని మీదికి గుడ్డ భార్య కుట్టింది.

"అద్దం లేని తలుపు ఎందుకండీ?" అని ఆమె అప్పుడే అడిగింది.

"గొప్పవాళ్ళ సంగతులు నీకేం తెలుసు" అన్నాడు.

ఆ మాట ఆయన మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

పని పూర్తయ్యాక గంధర్వుడు మేస్త్రి భుజం మీద చెయ్యేసి, ఆ తలుపు ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ ఫోటోను తలుపంత పటం కట్టించి దుకాణంలో ఎదురుగా వేలాడదీశాడు. సొంత పెళ్ళి ఫోటో లోపలి గదిలో బీరువా వెనక ఉంటుంది. వచ్చిన ప్రతివాడికీ అద్దం కథ చెప్పేవాడు, మహానుభావుల ఏకాగ్రత అలా ఉంటుందని. ఆ కథకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

గంధర్వుడు పోయాడు. ఊరంతా ఏడ్చింది, మేస్త్రి అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఏడాది తిరక్కుండానే "పిల్లల మాట" అనే వెబ్‌సైటు ఒకటి వచ్చింది. ఒకప్పుడు గంధర్వుడి దగ్గర పాట నేర్చుకున్న పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళయినవాళ్ళు, పేర్లు చెప్పకుండా రాసుకున్నారు. మంచి గొంతున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా ఆ సాధన గదిలోకి పిలిచేవాడు. కన్నవాళ్ళు బయట వసారాలో బెంచీ మీద కూర్చునేవాళ్ళు. లోపల ఆయన చేసింది పాట నేర్పడం ఒక్కటే కాదు. పిల్లలతో ఏ పెద్దవాడూ చేయకూడనిది చేశాడు. ఎవరికైనా చెప్తే నీ గొంతు పోతుందని భయపెట్టేవాడు.

దానికి పోటీగా అభిమానులు "నిగ్గు" అని ఇంకో వెబ్‌సైటు పెట్టారు. నిజం నిగ్గు తేలుస్తారట. మనిషి పోయాడు గనక కోర్టు లేదు, జడ్జి లేడు. ఉన్నదల్లా ఈ రెండు వెబ్‌సైట్లు, వాటి కింద పోగయ్యే జనం. నిగ్గువాళ్ళు ఒక్కొక్క పిల్ల రాసిందీ తీసుకుని ఎక్స్‌రే తీసేవాళ్ళు. ఆ రోజు వాన పడిందన్నావు, వాతావరణం రికార్డులో వాన లేదు. ఆయన నీలం చొక్కా వేసుకున్నాడన్నావు, ఆ ఏడాది ఫోటోల్లో అన్నీ తెల్ల చొక్కాలే. తొమ్మిదేళ్ళ పిల్లకు చొక్కా రంగు తప్పితే జరిగిందంతా అబద్ధమైపోతుంది వాళ్ళ లెక్కలో. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మేస్త్రి పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఫోన్లో నిగ్గు చదివేవాడు. "గంధర్వదాసు" అని పేరు పెట్టుకుని వ్యాఖ్యలు రాసేవాడు. ఆ ఆడపిల్లల్ని ఏమని రాశాడో ఇక్కడ చెప్పడం అనవసరం, చెప్తే నోరు కడుక్కోవాలి. ఒకవైపు గోడకు పలక బిగిస్తూ, ఒకవైపు ఫోన్లో ఎవరి కూతుర్నో తిట్టిపోస్తూ, మధ్యలో టీ తాగుతూ రోజు గడిపేవాడు. భార్య కుట్టుకునేది. చూసేది. ఏమీ అనేది కాదు.

ఒకరోజు నిగ్గులో పెద్ద వ్యాసం వచ్చింది. పేరు "నాలుగు బారల దూరంలో అమ్మ". పిల్లల మాటలో అందరికంటే వివరంగా రాసిన ఒక అమ్మాయి గురించి. గదిలో తను అమ్మా అమ్మా అని అరిచానని ఆ అమ్మాయి రాసింది. నిగ్గువాళ్ళు వెతికి వెతికి ఆ తల్లిని పట్టుకున్నారు. తల్లి గంధర్వుడి వీరాభిమాని. "నేను ప్రతిసారీ ఆ తలుపు బయటే కూర్చున్నాను. నా కూతురు అరిచి ఉంటే నాకు వినపడేది. నాకు ఏమీ వినపడలేదు" అని ఆమె సంతకంతో రాసిచ్చింది. కన్నతల్లే కాదంటుంటే ఇంక ఏం కావాలి? వ్యాసం కింద జనం పండగ చేసుకున్నారు.

వ్యాసం పక్కన ఒక బొమ్మ గీశారు. ఇక్కడ బెంచీ, ఇక్కడ అమ్మ, ఇక్కడ తలుపు. తలుపు మీద బాణం గుర్తు వేసి రాశారు: "మామూలు చెక్క తలుపు. దగ్గినా వినపడుతుంది."

మేస్త్రి ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఒక ఆడపిల్ల బతుకు ఆ బొమ్మలో నలుగుతోందని ఆయనకు పట్టలేదు. మామూలు చెక్క తలుపు అన్నారే అని మాత్రం కడుపు మండిపోయింది. రాత్రింబవళ్ళు కూర్చుని చౌకట్టుతో సహా చెక్కిన తలుపు. గంధర్వుడు చేత్తో నిమిరి మెచ్చుకున్న తలుపు. పాత ఫోటోలన్నీ వెతికి తీశాడు. దాసు పేరు పక్కనపెట్టి సొంత పేరుతో, దుకాణం పేరుతో రాశాడు:

"అయ్యా, అది మామూలు తలుపు కాదు. రెండు పొరల చెక్క, మధ్యలో ఉన్ని, చుట్టూ రబ్బరు. ఇద్దరు మనుషులు మోస్తేగానీ లేవదు. లోపల డ్రమ్ములు వాయించినా బయట బెంచీ మీద పసిపాప నిద్ర చెదరదు. మహానుభావుడి ఏకాగ్రత కోసం అద్దం కూడా తీయించారు. ఇలాంటి తలుపు దేశంలో ఇంకొకటి లేదు. తెలియకపోతే తెలిసినవాణ్ణి అడగండి."

రాసి, ఫోటోలు అతికించి, మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కొరివితో తల గోక్కున్నానని ఆయనకు తోచనే లేదు.

టీ చల్లారకముందే ఫోను మోగింది. నిగ్గు నడిపే పెద్దమనిషి. కంపెనీల లెక్కలు చూసే ఆడిటరు, మాట మెత్తన.

"అన్నా, ఏం రాశావు?"

"ఉన్నదే రాశాను. ఒక్క అక్షరం తప్పుంటే చూపించు."

"తప్పుంటే బాగుండేది. అన్నా, ఆ తల్లికి ఏమీ వినపడలేదు, కాబట్టి ఏమీ జరగలేదని మనం అంటున్నాం. నువ్వొచ్చి, లోపల డ్రమ్ములు వాయించినా బయటికి వినపడదని ఫోటోలతో సహా రాశావు."

మేస్త్రి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి, బహుశా పెళ్ళయ్యాక మొదటిసారి, మాట రాలేదు.

"దాన్ని నేను తీసేశాను" అన్నాడు ఆడిటరు. "కానీ అవతలివాళ్ళు చూసే ఉంటారు. ఇప్పుడు నువ్వే ఇంకోటి రాయాలి. ఆ తలుపు తర్వాత పాడైందని రాయి. ఆయన పరువు నీ చేతుల్లో ఉందన్నా."

ఆయన పరువు తన చేతుల్లో ఉందన్న మాట మేస్త్రికి తేనెలా దిగింది. ఆలోచించాడా అంటే, ఆలోచించాడు. ఆ సాయంత్రం పలకలు బిగిస్తూ రెండుసార్లు వేలి మీద కొట్టుకున్నాడు. ఆ తలుపు వెనక ఏం జరిగి ఉంటుందన్నది మనసు గుమ్మం దాకా వచ్చింది. రానివ్వలేదు. లోపలికి రానిస్తే ఆ పటం దించాలి, ఇరవై ఏళ్ళుగా చెప్పిన కథ మింగాలి, నలుగురిలో తను ఎవరి మనిషినని చెప్పుకున్నాడో అది పోగొట్టుకోవాలి. అంతకంటే రెండు అబద్ధపు వాక్యాలు రాయడం సులువు. రాశాడు: "ఆ తలుపు రబ్బరు మొదటి వానాకాలానికే ఊడిపోయింది. మాట బయటికి బాగానే వినపడేది. నేను పట్టించుకోలేదు, పొరపాటు నాదే."

తన పనిలో వంక చూపించినవాడితో ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి, తన పనిని తనే నడిబజారులో పెట్టి ఉమ్మేశాడు. దాన్ని త్యాగం అనుకున్నాడు కూడా.

భార్య ఆ రాత అన్నం ముందు కూర్చుని చదివింది.

"రబ్బరు ఎప్పుడు ఊడిందండీ?"

"నీకెందుకు?"

"రెండేళ్ళ తర్వాత గుడ్డలు మార్చడానికి మనిద్దరమే కదా వెళ్ళింది. ఊడిన రబ్బరు నాకు కనపడలేదే."

"ఇది మగవాళ్ళ వ్యవహారం. పెద్దవాళ్ళ పరువు వ్యవహారం."

ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. "అద్దం చోట గుడ్డ కుట్టింది నేను. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకు తెలుసు. మీదెంతో మీరు చూసుకోండి."

ఆ తర్వాత ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. ఎప్పుడూ తక్కువే గనక మొదట ఆయనకు తేడా తెలియలేదు. తెలిశాక ఇల్లంతా తను కట్టిన గదిలాగే అనిపించింది.

వారం తిరిగేసరికి ఒక అమ్మాయి దుకాణానికి వచ్చింది. ముప్పైకి దగ్గరపడుతున్న వయసు. కంటి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి బట్టలు మార్చుకోకుండానే వచ్చేసింది. గదులు కట్టించుకోవడానికి వచ్చిందేమో అనుకుని మేస్త్రి స్టూలు లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నాలుగు బారల దూరంలో అమ్మ అని రాశారు కదండీ, ఆ కూతుర్ని నేనే."

మేస్త్రి చేతిలోని కొలత టేపును చుట్టడం మొదలుపెట్టాడు.

"గొడవకి రాలేదు. గంధర్వదాసు మీరేనని నాకు తెలుసు, రాత తీరు ఒకటే. మీ మాటలన్నీ చదివాను. దాని గురించీ రాలేదు. మీరు మొదట రాసింది తీసేసేలోపల నేను చూశాను. డ్రమ్ములు వాయించినా పసిపాప లేవదన్నారు. తర్వాత రబ్బరు ఊడిందన్నారు. రెండిట్లో ఏది నిజం?"

"తర్వాత రాసిందే..." అని నసిగాడు.

"మా అమ్మ నన్ను అబద్ధాలకోరు అనదు" అంది ఆ అమ్మాయి. చాలా నెమ్మదిగా, రోగికి మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. "నువ్వు అరిచి ఉంటే నాకు వినపడేది, నీకేదో పీడకల వచ్చి ఉంటుంది అంటుంది. నేను అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. అమ్మ రాలేదు. అప్పట్నుంచీ నాకు ఒకటే ప్రశ్న. వినపడక రాలేదా, వినపడీ రాలేదా? ఆమె ఏమో బాగా వినపడే తలుపని అంటుంది. అలా అన్నప్పుడల్లా నాకు రెండోదే అనిపిస్తుంది. నేను ఈ ప్రశ్నతో ఆమె చేతి అన్నం తింటున్నాను. మీ దగ్గర ఆ తలుపు కవల ఉందటగా. ఒక్కసారి మా అమ్మని బయట కూర్చోబెట్టనివ్వండి."

"ఇది వ్యాపారం చేసుకునే చోటమ్మా. సాక్ష్యాలూ పంచాయితీలూ ఇక్కడ కుదరవు" అన్నాడు మేస్త్రి. ఆమె ముఖం చూడకుండా పటం వైపు చూస్తూ అన్నాడు.

కుట్టుమిషను ఆగింది.

"ఆదివారం పొద్దున రా తల్లీ" అంది మేస్త్రి భార్య. "మీ అమ్మగారిని తీసుకుని రా."

ఆ అమ్మాయి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. మేస్త్రి భార్య మీద ఎగిరిపడ్డాడు. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఆయన అరుపులు సగం ఆమెకు వినపడనే లేదు.

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని చివరికి ఆడిటరుకి ఫోను చేశాడు. ఆడిటరు ఎగిరి గంతేశాడు. "రానీ అన్నా, మంచిదే. తలుపు కొంచెం సరిగ్గా పడకపోతే వినపడుతుంది కదా? ఆ తల్లి చెవులారా వింటుంది. అక్కడితో కథ కంచికి."

హ్యాండిల్ కిటుకు అదే ఫోన్లో ముందుగా మేస్త్రే ఆయనకు చెప్పాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఆదివారం తల్లీ కూతురూ వచ్చారు. ఒకే ఆటోలో వచ్చారు గానీ చెరొక అంచున కూర్చున్నారు. తల్లి బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన మనిషి. నడకలో, మాటలో లెక్క తప్పదు. లోపలికి రాగానే మనుషులకంటే ముందు పటానికి నమస్కారం పెట్టింది.

"ఇదేనా ఆ తలుపు?" అంది. "మా అమ్మాయి అనుమానం తీరాలి, అంతే. ఆ మహానుభావుణ్ణి చచ్చాక కూడా వదలట్లేదు అందరూ. నేను ఎక్కడ కూర్చునేదాన్నో నాకు బాగా గుర్తు."

స్టూలు తనే జరుపుకుంది. కాదు, ఇంకొంచెం వెనక్కి, పక్కన పూలకుండీ ఉండేది, అంటూ బారలు కొలిచినట్టు చేతులు చాచి సర్దుకుంది. వీపు నిటారుగా పెట్టి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళ కిందట కూడా అలాగే కూర్చుని ఉంటుంది.

"అక్కడి తలుపుకి అద్దం లేదు" అంది కూతురు.

మేస్త్రి భార్య మందపాటి గుడ్డముక్క తెచ్చి అద్దానికి అడ్డంగా పిన్నులు గుచ్చింది. కూతురు ఆ చిన్నగదిలోకి వెళ్ళింది. వెళ్ళేముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, గట్టిగా గాలి పీల్చుకుంది. మేస్త్రి అది చూశాడు. చూసి తలుపు మూశాడు. హ్యాండిల్ సగం నొక్కి చెయ్యి తీసేశాడు.

కాసేపటికి లోపల్నుంచి సన్నగా, దూరంగా, అయినా స్పష్టంగా వినపడింది. అమ్మా. మళ్ళీ. అమ్మా.

తల్లి తల ఎత్తింది. "వినపడింది కదా. మీరందరూ విన్నారు కదా. ఇంత వినపడితే నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానా? తలుపు బద్దలు కొట్టనా?" గెలిచిన మనిషి మాటలే, కానీ ముఖంలో గెలుపు లేదు. లోపల్నుంచి వస్తున్న ఆ పిలుపుకి ఆమె తెలియకుండానే స్టూలు మీంచి లేవబోయి ఆగింది.

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అంతా అనుకున్నట్టే జరిగింది. ఇంక తలుపు తీసి, వాళ్ళను పంపించేసి, ఆడిటరుకి ఫోను చేయడమే తరువాయి.

భార్య చేతిలో కత్తెర పక్కన పెట్టి లేచింది. మొగుణ్ణి భుజంతో నెట్టుకుంటూ వెళ్ళి, రెండు చేతులతో హ్యాండిల్‌ని చివరిదాకా కిందికి నొక్కింది. టక్కుమంది. పాట మధ్యలో కరెంటు పోయినట్టు ఆ గొంతు ఆగిపోయింది.

"ఇదమ్మా తలుపు" అంది తల్లితో. "ఇందాకటిది మా ఆయన."

వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుంటున్నారు. తల్లి చెవి తలుపు వైపు తిప్పి, కళ్ళు చిట్లించి, ఊపిరి బిగబట్టి విన్నది.

"ఆపేసిందా?" అంది. "అరవడం ఆపేసినట్టుంది."

మేస్త్రి భార్య హ్యాండిల్ మీదినుంచి చేతులు తీయలేదు. ఇంకాసేపు ఆగనిచ్చింది. తర్వాత హ్యాండిల్ పైకెత్తి తలుపు లాగింది.

ఆ అమ్మాయి ఆపలేదు. కళ్ళు మూసుకుని, రెండు పిడికిళ్ళూ బిగించి, మెడ నరాలు పొంగి, అమ్మా అని అరుస్తూనే ఉంది. తలుపు తెరుచుకోగానే ఆ అరుపు దుకాణం మొత్తాన్ని నింపేసింది. రేకుల కప్పు అదిరింది. తలుపు తీశారని ఆమెకు కళ్ళు తెరిచేదాకా తెలియలేదు.

తల్లి లేచి నిలబడింది. సంచి కిందపడింది. కూతురి దగ్గరికి పోలేదు, ముందు మేస్త్రి వైపు తిరిగింది.

"అక్కడి తలుపుకి అద్దం ఎందుకు లేదు?"

"వద్దన్నారమ్మా."

"ఎందుకు వద్దన్నాడో నువ్వు అడగలేదా?"

అప్పటిదాకా మహానుభావుడు, ఆయన, మీరు అన్న మనిషి. మేస్త్రి ఆ ఏకవచనాలు రెండూ విన్నాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఇరవై ఏళ్ళుగా నలుగురికీ చెప్పిన జవాబు ఉంది, ఏకాగ్రత కథ. అది నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూస్తూ చెప్పలేకపోయాడు. ఆ కథ ఎంత నీచంగా ఉందో అప్పటికి గానీ ఆయనకు ఎక్కలేదు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండనిపించింది. అలా అనిపించినంత మాత్రాన ఎవరూ చచ్చిపోరు.

తల్లి గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది. కూతురి భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చి, తను కూర్చున్న స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"నువ్వు ఇక్కడ కూర్చో" అంది.

తను లోపలికి వెళ్ళింది. ఆ చిన్నగదిలో అందరికీ వీపు పెట్టి నిలబడింది.

"వేసేయండి" అంది.

మేస్త్రి భార్య కదల్లేదు. మొగుడి వైపు చూస్తూ నిలబడింది. మేస్త్రి వెళ్ళి తలుపు మూశాడు. హ్యాండిల్ మీద రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బరువు పెట్టి, చివరిదాకా నొక్కాడు.

లోపల ఆమె ఏమని అరిచిందో, ఎంతసేపు అరిచిందో బయట ఎవరికీ తెలియదు. కూతురు స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ తలుపుకేసి చూస్తూ కూర్చుంది. మేస్త్రి రబ్బరు అంచుకి చెవి ఆనించి విన్నాడు. ఏమీ వినపడలేదు.